క్యాడ్ పనికి ల్యాప్‌టాప్ ఎంపిక

5.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• మీ డ్రాయింగ్ పనికి ల్యాప్‌టాప్‌లోని ఏ భాగం ముఖ్యమో గుర్తించగలుగుతారు;
• దుకాణంలో చూపే వివరాల పట్టికను అర్థం చేసుకోగలుగుతారు;
• ఉన్న డబ్బును దేనిపై ముందుగా ఖర్చు చేయాలో నిర్ణయించుకోగలుగుతారు.

5.1 పరిచయం

కంప్యూటర్ సహాయంతో డ్రాయింగులు, నమూనాలు తయారు చేయడాన్ని క్యాడ్ అంటాం. చాలా కుటుంబాలు చదువు కోసం ల్యాప్‌టాప్‌ను ఒక్కసారే కొనగలుగుతాయి. అందువల్ల పెట్టెపై ఉన్న 'ఐ7' అనే స్టిక్కర్‌ను మాత్రమే చూసి కొనడం సరికాదు. మొదట పనిని, తరువాత యంత్రాన్ని పరిశీలించాలి.

5.2 మీ పని ఏ రకం?

ముగ్గురు విద్యార్థులను ఊహించుకోండి. జనగామలోని విద్యార్థి పురపాలక సంఘానికి సమర్పించే ఇంటి ప్లాన్లు గీస్తారు. ఇది ద్విపరిమాణ పని. మహబూబాబాద్‌లోని విద్యార్థి కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో రంగులు, వెలుగునీడలతో చిత్రంగా చూపిస్తారు. దీనిని రెండరింగ్ అంటారు. భూపాలపల్లి పరిసరాల్లో సింగరేణి గనులు, చెల్పూరు వద్ద కాకతీయ తాప విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అక్కడి విద్యార్థి పంపులు, కన్వేయర్ రోలర్ల వంటి యంత్ర భాగాలకు త్రిపరిమాణ నమూనాలు చేస్తారు. ఈ ముగ్గురికీ ఒకే ల్యాప్‌టాప్ సరిపోదు.

5.3 ప్రాసెసర్

యంత్ర భాగం నమూనాలో ప్రతి మెట్టు దాని ముందు మెట్టుపై ఆధారపడుతుంది. మొదట్లో వేసిన రంధ్రం కొలత మారిస్తే, ఆ తరువాతి మెట్లన్నింటినీ కంప్యూటర్ వరుసగా మళ్లీ లెక్కిస్తుంది. ఇది గోడ కట్టడం లాంటిది. కింది వరుస పూర్తికానిదే పై వరుస పేర్చలేం. కాబట్టి ఇక్కడ ఎక్కువ కోర్ల కంటే ఒక్కొక్క కోరు వేగం ముఖ్యం.

రెండరింగ్ వరి నాట్లు లాంటిది. చిత్రాన్ని ముక్కలుగా చేసి ఒక్కో కోరుకు ఒక్కో ముక్క అప్పగించవచ్చు. ఎంతమంది దిగితే పని అంత త్వరగా పూర్తవుతుంది.

ప్రాసెసర్ పేరు చివరి అక్షరాన్ని కూడా గమనించండి. ఇంటెల్‌లో 'యు' రకం సుమారు 15 వాట్లతో, 'హెచ్' రకం సుమారు 45 వాట్లతో పనిచేసేలా రూపొందించినవి. పాత తరం 'యు' రకం ఐ7 కంటే కొత్త తరం 'హెచ్' రకం ఐ5 వేగంగా పనిచేయవచ్చు.

5.4 ర్యామ్, నిల్వ, గ్రాఫిక్స్

ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ డిస్కును ర్యామ్‌గా వాడుకుంటుంది. పని ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. ద్విపరిమాణ పనికి 8 జీబీతో నెట్టుకురావచ్చు. త్రిపరిమాణ పనికి 16 జీబీ అవసరం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, తరువాత పెంచుకోలేం. ఖాళీ స్లాట్ ఉందా అని కొనేముందే అడగండి.

నిల్వకు హార్డ్ డిస్క్ కాకుండా ఎస్ఎస్‌డీ తీసుకోండి. దీనివల్ల ఫైళ్లు త్వరగా తెరుచుకుంటాయి. అయితే నమూనా లెక్కల వేగం దీనివల్ల పెరగదు.

ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ప్రధాన ర్యామ్‌లో కొంత భాగాన్ని వాడుకుంటుంది. ఇంటి ప్లాన్లకు అది చాలు. అనేక భాగాలున్న యంత్రాన్ని తెరపై తిప్పి చూడాలన్నా, రెండరింగ్ చేయాలన్నా విడి గ్రాఫిక్స్ కార్డు మేలు.

సాలిడ్‌వర్క్స్, రెవిట్ విండోస్‌పై మాత్రమే నడుస్తాయి. ఉచితంగా దొరికే లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్ లినక్స్‌పైన కూడా నడుస్తాయి.

5.5 ఎండాకాలం పరీక్ష

మే నెలలో మన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ప్రాసెసర్ వేడి సుమారు 100 డిగ్రీలకు చేరితే, అది తనను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. కాబట్టి మరీ పలుచని ల్యాప్‌టాప్ కంటే గాలి బాగా ఆడేది ఎంచుకోండి. దానిని పరుపుపై పెట్టకండి. బ్యాటరీపై కూడా వేగం తగ్గవచ్చు. బరువైన పనిని కరెంటు ఉన్నప్పుడే చేయండి.

5.6 కొనేముందు చేయవలసిన అభ్యాసం

అధ్యయన కేంద్రంలోనో, మిత్రుల దగ్గరో ఉన్న కంప్యూటర్‌లో మీ పెద్ద డ్రాయింగును తెరవండి. పని చేస్తూ టాస్క్ మేనేజర్‌ను చూడండి. మెమరీ 90 శాతం దాటితే మీకు ర్యామ్ కావాలి. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న యంత్రంలో ప్రాసెసర్ వినియోగం 12 లేదా 13 శాతం దగ్గరే ఆగి, మీరు ఎదురుచూడవలసి వస్తే, ఒక్క కోరే పూర్తిగా పనిచేస్తోందని అర్థం. అప్పుడు మరిన్ని కోర్లకు డబ్బు పెట్టినా ప్రయోజనం ఉండదు.

5.7 సారాంశం

ఇంటి ప్లాన్లకు మధ్యస్థమైన ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ చాలు. మిగిలిన డబ్బుతో పెద్ద తెర కొనవచ్చు. యంత్ర భాగాలకు వేగమైన కోరు, 16 జీబీ ర్యామ్ ముఖ్యం. రెండరింగ్‌కు ఎక్కువ కోర్లు, మంచి గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎక్కువ కోర్లు రెండరింగ్‌కు ఉపయోగపడి, యంత్ర భాగం నమూనాకు అంతగా ఉపయోగపడకపోవడానికి కారణమేమిటి?
2. మీరు చేసే పనిని ఒక వాక్యంలో రాసి, దానికి అవసరమైన మూడు భాగాలను ప్రాధాన్యక్రమంలో పేర్కొనండి.