గీతకు దొరకని సమ్మెట దెబ్బ
బస్తర్ ఇనుప బొమ్మ రూపాన్ని కంప్యూటర్ నిమిషాల్లో పట్టేస్తుంది. చట్టం కాపాడేది మాత్రం దాని పేరునే

కంప్యూటర్ తెర మీద బస్తర్ ఇనుప జింక ఫొటో. కోరెల్‌డ్రాలో దాన్ని ట్రేస్ చేస్తే ఫొటో కాస్తా గీతల బొమ్మ అవుతుంది. కొమ్ములు, కాళ్లు, మెడ.. విడివిడి ముక్కలన్నిటినీ వెల్డ్ ఆదేశంతో ఒకే రూపంగా కలిపి, కాంటూర్ పరికరంతో కాస్త వెలుపలికి జరిపితే చుట్టూ మరో గీత వస్తుంది. అదే కట్ లైన్. స్టిక్కర్లు కోసే ప్లాటరైనా, ఇనుప రేకు కోసే లేజర్ యంత్రమైనా నడిచేది ఆ గీత వెంటే. స్టిక్కరుకైతే గీతకూ బొమ్మకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదులుతారు. లేజర్‌కు అంత అక్కర్లేదు. కిరణం తన వెడల్పు మేర లోహాన్ని కరిగించేస్తుంది కనుక అందులో సగం జరిపితే చాలు. ఒకసారి గీసిన గీతతో పది కోసినా వెయ్యి కోసినా ఒకటే.

జింక పుట్టిన చోటు వేరు. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో కొండగావ్ ఉంది. 2012లో బస్తర్ నుంచి విడిపోయి జిల్లా అయిన ఈ ప్రాంతంలో కమ్మరులు ఒకప్పుడు నాగటి కర్రులు, కొడవళ్లు, బాణం ములుకులతో పాటు దేవుడి దీపాలూ చేసిచ్చేవారు. ఆ చేతులే నేడు పాత ఇనుమును కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగదీసి, జింకలు, గుర్రాలు, డోలు వాయించే మనుషుల్ని మలుస్తున్నాయి. పైన వార్నిష్ పూస్తే బొమ్మ సిద్ధం.

చిక్కల్లా ఆ బొమ్మల అందంలోనే ఉంది. సన్నగా, నల్లగా, నీడలా కనిపించే రూపాలు కావడంతో యంత్రానికి ఇట్టే లొంగుతాయి. 2008-09లో బస్తర్ ఇనుప కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే 1999 నాటి ఆ చట్టం కాపాడేది పేరును. రేకు జింకను 'బస్తర్' పేరుతో అమ్మితే తప్పు, 'గోడ అలంకరణ' అని అమ్మితే అడ్డుకోవడం కష్టం. 2000 నాటి డిజైన్ల చట్టమూ కొత్త రూపాలకే, అదీ గరిష్ఠంగా 15 ఏళ్లే రక్షణ ఇస్తుంది. తరాలుగా వస్తున్న జింక దాని కంటికి కొత్తది కాదు. పేరు విషయంలోనైనా కోర్టుకెక్కే హక్కు కావాలంటే కమ్మరి అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. కొలిమి దగ్గర కూర్చునే మనిషికి ఆ కాగితాల పని సమ్మెట పని కన్నా బరువే. తోలుబొమ్మలు కోసే మన నిమ్మలకుంట కళాకారులనూ ఇదే ప్రశ్న వెంటాడక మానదు.

అలాగని సాఫ్ట్‌వేర్‌ను శత్రువు అనలేం. భౌగోళిక గుర్తింపు చిహ్నంతో, జింక ఆకారంలో కత్తిరించిన చీటీ ఒకటి ప్రతి బొమ్మకూ కట్టాలన్నా కావలసింది ఆ కట్ లైనే. నమోదైన కమ్మరి చేతికి అది అందితే అదే అతడి ఆయుధం.

కొనేవారికి ఒక సులువైన పరీక్ష ఉంది. బొమ్మ అంచును వేలితో తడమాలి. రేకు బొమ్మ అంతటా ఒకే మందం. కమ్మరి చేసిన కాలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఒంటి నిండా సమ్మెట గుర్తులు. గీత పట్టుకోలేనిది అదే. కొనేవారు డబ్బు చెల్లించాల్సిందీ దానికే.