కనబడకూడని గోపురాలు

పిల్లలూ, కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళు వేసవి సెలవుల్లో యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్ళడం మామూలే. జలపాతాలు చూసి, చాలామంది వెళ్ళిన దారినే వెనక్కి వచ్చేస్తారు. మీరు మాత్రం అమ్మానాన్నల్ని అడిగి ఇంకాస్త తూర్పుకు పోనివ్వమనండి. టయోగా కనుమ దగ్గర పార్కు అయిపోతుంది. దాదాపు 9,945 అడుగుల ఎత్తు అది. అక్కణ్ణించి రోడ్డు 3,000 అడుగులకు పైగా కిందికి దిగుతుంది. దిగగానే లీ వైనింగ్ అనే చిన్న ఊరు. ఊరు దాటీ దాటగానే 395 నంబరు హైవే పక్కన మోనో బేసిన్ విజిటర్ సెంటర్. చలికాలంలో కనుమ దారి మంచుతో మూసుకుపోతుంది, సెంటరూ మూసేస్తారు. అందుకని వేసవిలోనే వెళ్ళాలి.

కాళ్ళు చాపుకుని, ఒక ఫొటో తీసుకుని బయలుదేరదామంటారు పెద్దవాళ్ళు. ఒప్పుకోకండి. లోపల బొమ్మలూ పటాలూ చూడండి, సినిమా చూడండి, తర్వాత వెనకవైపు వసారాలోకి రండి. ఎదురుగా నీలంగా పరుచుకుని మోనో సరస్సు. దాని వయసు కనీసం 7,60,000 ఏళ్ళు!

ఈ సరస్సుకు ఒక విశేషం ఉంది. సియెరా నెవాడా కొండల మంచు కరిగి వాగుల్లో వచ్చి ఇందులో పడుతుంది. వచ్చే దారులే గానీ పోయే దారి లేదు. నీళ్ళు బయటికి పోవాలంటే ఎండకు ఆవిరైపోవడం ఒక్కటే మార్గం. పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన చారు ఏమవుతుందో మీకు తెలుసు కదా? నీరు ఇగిరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. వాగులు కొండరాళ్ళ నుంచి కొంచెం కొంచెంగా తెచ్చిన లవణాలు లక్షల ఏళ్ళుగా అలాగే మిగిలిపోయాయి. అందుకే ఆ నీరు సముద్రం కంటే రెండున్నర, మూడు రెట్లు ఉప్పన. క్షారగుణం ఎంతో చెప్పే పీహెచ్ సుమారు 10. చెయ్యి పెడితే సబ్బునీళ్ళలా జారుతుంది. కారణం అందులోని సోడియం కార్బొనేట్. మన పల్లెల్లో చాకళ్ళు బట్టలు ఉతకడానికి వాడిన చౌడుమన్నులోనూ ఉండేది ఇదే. మార్క్ ట్వేన్ కూడా ఈ సరస్సు గురించి రాస్తూ, మాసిన బట్టలు ఈ నీళ్ళలో ముంచితే తెల్లబడి వస్తాయన్నాడు.

ఇప్పుడు ఒడ్డు దగ్గరికి వెళ్దాం. నీళ్ళలోంచి, ఒడ్డు మీంచి బూడిదరంగు గోపురాలు లేచి కనిపిస్తాయి. కొన్ని 30 అడుగుల ఎత్తు కూడా ఉంటాయి. వీటిని టూఫా అంటారు. సరస్సు అడుగున మంచినీటి ఊటలున్నాయి. వాటి నీళ్ళలో కాల్షియం ఉంటుంది, సరస్సు నీళ్ళలో కార్బొనేట్ ఉంటుంది. రెండూ కలిసిన చోట సున్నపురాయి పుట్టి ఊట చుట్టూ పేరుకుంటుంది. ఊట ఆ రాతిలోంచే పైకి దారి చేసుకుంటూ పోతుంది, రాయి కూడా దానితోపాటు పెరుగుతుంది. మన బొర్రా గుహల్లో వేలాడే రాళ్ళదీ సున్నపురాతి కథే. కాకపోతే అవి గాలిలో, పై నుంచి కారే చుక్కలతో పెరుగుతాయి. ఇవి నీటి లోపల, కింది నుంచి పైకి పెరుగుతాయి.

నీటి లోపల మాత్రమే! ఆ మాట గుర్తుంచుకోండి. మరి ఇవి బయటికెలా వచ్చాయి?

1941లో లాస్ ఏంజిలస్ నగరం ఈ సరస్సుకు వచ్చే నాలుగు వాగుల నీటిని మళ్ళించి, 300 మైళ్ళకు పైగా దూరం తీసుకుపోవడం మొదలుపెట్టింది. నగరానికి దాహం తీరింది, సరస్సుకు ఆయువు తగ్గింది. 1982 నాటికి నీటిమట్టం 45 అడుగులు పడిపోయింది. ఉన్న నీళ్ళలో సగం పోయాయి, ఉప్పు రెట్టింపయింది. అలా గోపురాలు బయటపడ్డాయి. బయటపడ్డ గోపురం ఇక పెరగదు. మనం సంబరంగా ఫొటో తీసుకునే ఆ అందం, పోయిన నీటికి కొలబద్ద.

ఉప్పు పెరిగితే నష్టం ఎవరికి? ఒడ్డున వంగి చూడండి. నల్లటి చిన్న ఈగలు చాపలా పరుచుకుని ఉంటాయి. భయం లేదు, మన మీద వాలవు. ఒకదాన్నే కనిపెట్టి చూడండి. రాయి పట్టుకుని నడుస్తూ నీళ్ళలోకి దిగిపోతుంది! ఒంటి మీది సన్నని నూగు, దానికి పూసిన మైనం నీటిని ఆపుతాయి. ఒంటి చుట్టూ వెండిరంగు గాలిబుడగ తొడుక్కుంటుంది. అడుగున నాచు తిని, గుడ్లు పెట్టి, పొడిగా పైకి వస్తుంది. ఇక్కడి ఆదివాసులైన కుట్జాడికా ప్రజలకు ఈ ఈగ ప్యూపాలు, అంటే ఇంకా రెక్కలు రాని దశలో ఉన్నవి, ఇష్టమైన ఆహారం. ఈ సరస్సులో చేపలు బతకవు. ఈగలూ, గోటిమీద పట్టేంత ఉప్పునీటి రొయ్యలూ కోట్లకొద్దీ ఉంటాయి. వీటిని తినే వలసపక్షులు లక్షల్లో దిగుతాయి. కొన్ని ఇక్కడ కొవ్వు పట్టి దక్షిణ అమెరికా దాకా ఎగిరిపోతాయి. మట్టం తగ్గి సరస్సులోని నెగిట్ దీవికి నేలదారి ఏర్పడినప్పుడు, నక్కల్లాంటి కయోటీలు నడిచి వెళ్ళి గల్ పక్షుల గూళ్ళను చెదరగొట్టాయి.

1976లో కొందరు కాలేజీ విద్యార్థులు ఇక్కడ గుడారాలు వేసుకుని పక్షుల్నీ, రొయ్యల్నీ, ఈగల్నీ లెక్కపెట్టారు. సరస్సును కాపాడడానికి డేవిడ్ గెయిన్స్ అనే ఆయన ముందుండి 1978లో మోనో లేక్ కమిటీ పెట్టాడు. 1983లో ఈ సరస్సు నీళ్ళ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఇలాంటి నీటివనరులకు ప్రభుత్వం ప్రజల తరఫు ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. 1996లో మన సుప్రీంకోర్టు బియాస్ నది కేసులో ఈ సూత్రాన్ని స్వీకరిస్తూ ఆ తీర్పును ఉదహరించింది. ఎక్కడో ఉప్పుసరస్సు కోసం పడ్డ పాటు మన నదికి పనికొచ్చింది చూశారా!

1994లో కాలిఫోర్నియా జలమండలి, సరస్సు సముద్రమట్టానికి 6,392 అడుగుల ఎత్తుకు తిరిగి నిండాలని ఆదేశించింది. ముప్పై ఏళ్ళు దాటాయి, ఇంకా అంత ఎత్తుకు చేరలేదు. చేరిన రోజున మనం చూసే గోపురాల్లో చాలా వాటి చుట్టూ మళ్ళీ నీళ్ళు నిలుస్తాయి, కొన్ని కనబడకుండా మునిగిపోతాయి. ఫొటోలకు అందం తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఊట ఉన్న చోట రాయి మళ్ళీ పెరుగుతుంది, పక్షులకు తిండి నిలుస్తుంది. అందుకే రోడ్డు పక్కన ఇలాంటి కేంద్రం కనిపిస్తే, అందం చూసి ఊరుకోకుండా లోపలున్నవాళ్ళను ఒక మాట అడగండి: ఇది ముందు ఎలా ఉండేది, ఎందుకు మారింది? చెప్పడానికే వాళ్ళక్కడ ఉన్నారు.