గివ్‌అవే అను బహుమానము

'మా పేజీని ఫాలో చేయుడు, ఈ ప్రకటనను షేర్ చేయుడు, క్రింద ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేయుడు; చీటీలు తీసి పదిమందికి ఆటను ఉచితముగా ఇచ్చెదము' అను పిలుపు కంప్యూటరు ఆటలాడు యువకులకు నేడు నిత్యపరిచితము. ఆటలను గూర్చి వ్రాయు వెబ్‌సైట్లును, ఆటలను విక్రయించు దుకాణములును, ఆట పేరిట జూదము నడపు సంస్థలును గూడ ఈ గివ్‌అవే పద్ధతినే అవలంబించుచున్నవి. పైకి ఒక్క తీరుననే కనబడు ఈ బహుమానములలో కొన్ని నిర్దోషములు, కొన్ని మిక్కిలి హానికరములు. అయినను, షేరును ట్యాగును కోరు ప్రతి గివ్‌అవేలోను చేతులు మారుచున్నది ఆట మాత్రమే కాదు. పాల్గొనువాని మాటయందు అతని స్నేహితులకు గల విశ్వాసము గూడ.

ఇట్టి బహుమతి ఇచ్చువారికి ఎంత చౌకయో ముందుగా గ్రహింపవలెను. స్టీమ్ వంటి ఆన్‌లైన్ అంగడిలో బహుమతిగా పంచు ఆట యనగా అక్షరములును అంకెలును కలిసిన ఒక 'కీ'; దానిని ఖాతాలో నమోదు చేసికొన్నంతనే ఆట మనదగును. ప్రచారార్థము నిర్మాతలు ఇట్టి కీలను ఉచితముగనే పంచిపెట్టుట కలదు గనుక, చిన్న వెబ్‌సైటు సైతము కొద్దిపాటి కీలతో పెద్ద గుంపును తనవైపు త్రిప్పుకొనగలదు. పెద్ద సంస్థల లెక్క వేరు. ఎపిక్ గేమ్స్ సంస్థ 2018 డిసెంబరులో దుకాణము తెరచి, చీటీల ప్రసక్తి లేకుండ, ఖాతా తెరచిన వారికెల్ల ఉచితముగా ఆటల నిచ్చుట కారంభించెను. ఆపిల్‌తో నడచిన వ్యాజ్యములో 2021లో బయల్పడిన పత్రములనుబట్టి, తొలి తొమ్మిది నెలలలో ఆ సంస్థ నిర్మాతలకు చెల్లించిన సొమ్ము సుమారు 1 కోటి 16 లక్షల డాలర్లు, లభించిన క్రొత్త ఖాతాలు సుమారు 50 లక్షలు. ఒక్కొక్క క్రొత్త మనిషికి పడిన వెల రెండున్నర డాలర్లకు లోపే. ఇందు దాపరికము లేదు. పుచ్చుకొన్నవారికి నష్టమును లేదు.

షేరును, ట్యాగును నియమముగా పెట్టినప్పుడు మాత్రము సంగతి మారును. ఆట ఎట్టిదో ఎరుగకయే, చీటీలో తన పేరుండుటకై ఒకడు దానిని పదిమందికి పంపుచున్నాడు; అందుకొన్నవారు అది అతనికి నచ్చినందున పంపెనని తలచుచున్నారు. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో ఈ చిక్కునే ఎత్తిచూపెను. కోల్ హాన్ అను పాదరక్షల సంస్థ తన చెప్పుల బొమ్మలను పింటరెస్ట్‌లో అతికించిన వారిలో ఒకరికి 1,000 డాలర్ల బహుమతి ప్రకటింపగా, ఆ బొమ్మలు ఒక విధమైన సిఫారసులే యనియు, బహుమతి నాశించి పెట్టినవని చూచువారికి తెలియవలసి యుండెననియు కమిషన్ ఆ సంస్థకు వ్రాసెను. చెప్పులకు వర్తించిన ఈ న్యాయము ఆటలకు వర్తింపకుండుటకు హేతువు నాకు కనబడదు. మన దేశమున గూడ ప్రకటనా ప్రమాణాల మండలియగు ఆస్కి 2021లో ఇన్‌ఫ్లూయెన్సర్లకు నిర్దేశించిన నియమములలో, పోటీలలో లభించు ప్రవేశమును సైతము వెల్లడింపదగిన ప్రతిఫలముగనే పరిగణించినది.

దాచినందువలన ఎంత కీడు కలుగునో తెలిపిన ఉదంతము 2016 నాటిది. కౌంటర్ స్ట్రైక్ ఆటలో తుపాకులకు రంగులద్దు 'స్కిన్లు' 2013లో ప్రవేశపెట్టబడినవి. వీనివలన తుపాకి బలము పెరుగదు. అందము మాత్రమే పెరుగును. అయినను వానిలో కొన్నిటికి బయట వేలాది డాలర్ల వెల పలుకుటచే, వానినే నాణెములుగా గొని పందెములు నడపు వెబ్‌సైట్లు పుట్టుకొనివచ్చినవి. సోషల్ మీడియాలో స్కిన్ల గివ్‌అవేలు వానికి పెద్ద ఎరలైనవి. అట్టి పందెపు వెబ్‌సైట్లలో ఒకటి సీఎస్‌గో లాటో. ట్రెవర్ మార్టిన్, థామస్ కాసెల్ అను ప్రసిద్ధులైన యూట్యూబర్లు, ఆ వెబ్‌సైటులో తాము పందెమాడి స్వల్పకాలములో వేల డాలర్లు గెలిచినట్లు వీడియోలు ప్రకటించుచు, అది తమదేనన్న సంగతిని చెప్పక దాచిరి. అంతేగాక ఇతర ఇన్‌ఫ్లూయెన్సర్లకు 2,500 డాలర్లు మొదలు 55,000 డాలర్ల వరకు చెల్లించి ప్రచారము చేయించిరి. ఈ గుట్టు రట్టైన 2016 జూలైలోనే, స్టీమ్‌ను నడపు వాల్వ్ సంస్థ ఇట్టి వెబ్‌సైట్లు ఇరువదికి పైగా తమ వ్యాపారమును మానవలెనని నోటీసు లిచ్చెను. 2017 సెప్టెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ఇరువురితో రాజీ కుదుర్చుకొని, ఇకమీదట తమ సంబంధమును స్పష్టముగ వెల్లడింపవలెనని కట్టడి చేసెను. జరిమానా మాత్రము విధింపలేదు. ఆ వీడియోలను నమ్మి స్కిన్లు పోగొట్టుకొన్న కుర్రవాండ్రను తలచుకొన్నప్పుడు, ఆ రాజీ నాకు మిక్కిలి మెత్తనిదిగా తోచును.

మన ప్రాంతమునకు ఈ వ్యవహారము దూరమైనది కాదు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైన్ జూదమును నిషేధించినవి. అయినను బెట్టింగు యాప్‌లు ఇన్‌ఫ్లూయెన్సర్ల ద్వారమున ఇండ్లలోనికి వచ్చుచునే యుండెను. 2025 మార్చిలో హైదరాబాదు నందలి పంజాగుట్ట, మియాపూర్ పోలీసు ఠాణాలలో, ఇట్టి ప్రచారము చేసిరన్న ఆరోపణపై ఇన్‌ఫ్లూయెన్సర్ల మీదను, సినీనటుల మీదను కేసులు నమోదైనవి. అదే సంవత్సరము ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము, డబ్బు పందెముల యాటలనే గాక వాని ప్రకటనలను గూడ నేరముగా పరిగణించి, ప్రకటించువారికి రెండేండ్ల వరకు కారాగారమును, 50 లక్షల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించినది.

జూదముతో సంబంధము లేని గివ్‌అవేలలో గూడ పిల్లలు మోసపోవుచున్నారు. గెలిచితివని నమ్మించి, స్టీమ్ లాగిన్ పేజీని పోలిన నకిలీ పేజీలో పాస్‌వర్డు కొట్టించి ఖాతాను అపహరించువారు కలరు. ప్రాసెసింగ్ ఫీజను పేరిట డబ్బు రాబట్టువారును కలరు. గెలిచినవానినే ముందుగా సొమ్ము కట్టుమన్న బహుమతిని బహుమతిగా ఎన్నడును ఎంచరాదు. అట్లు డబ్బు పోయినచో వెంటనే సైబరు నేరముల ఫిర్యాదులకై గల 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను.

నిజాయితీతో ఆటలను పంచు వెబ్‌సైట్లను నేను వలదనుట లేదు. చేత డబ్బులేని విద్యార్థికి ఒక మంచి యాట లభించుట సంతోషింపదగిన విషయమే. గడువు తేది ఏది, చీటీ ఎట్లు తీయుదురు, ఎంత వయస్సువారు పాల్గొనవచ్చును అను సంగతులను వారు ముందే ప్రకటింపవలెను. స్నేహితులను ట్యాగ్ చేయు నియమమును విడనాడవలెను. ఇక షేర్ చేయింపక తప్పదందురా, పంచుకొను పాఠములోనే 'బహుమతి పోటీలో ప్రవేశమునకై పంపినది' అను వాక్యమును తామే వ్రాసి చేర్చవలెను.