టాహో సరస్సులో మధ్యాహ్నపు గాలి

బే ఏరియా నుంచి వేసవిలో టాహో సరస్సుకు పడవ షికారుకు వెళ్ళే మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే: పొద్దున్నే బయలుదేరండి, మధ్యాహ్నంలోపు ఒడ్డు చేరండి. ఎండెక్కేకొద్దీ తూర్పున నెవాడా ఎడారిలో గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి సియెర్రా కొండలు దాటి పడమటి గాలి దిగుతుంది. పడమటి ఒడ్డున, కొండల చాటున, నీళ్ళు నిలకడగానే ఉంటాయి. అవతలి ఒడ్డుకు వెళ్ళేకొద్దీ అలలు పెరుగుతాయి.

ఇది మామూలు రోజుల మాట. ఉరుముల గాలివాన మరీ హఠాత్తుగా వస్తుంది. 2025 జూన్ 21న అలాంటి గాలివానలో ఒక పడవ బోల్తాపడి, అందులోని 10 మందిలో 8 మంది చనిపోయారు. జూన్‌లో నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి. ఈత వచ్చినవారికీ కాళ్ళూ చేతులూ కొంకర్లు పోతాయి. కాబట్టి లైఫ్ జాకెట్ తొడుక్కునే పడవెక్కండి. ఆ రోజు గాలి హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి.