ఎదురుచూపులోనే అనారోగ్యం

విశాఖపట్నం: ఉక్కు కార్మికుల ఒత్తిడి అనగానే బ్లాస్ట్ ఫర్నేస్ వేడిమి, రాత్రి షిఫ్టులు గుర్తుకొస్తాయి. ఉద్యోగం ఏమవుతుందో తెలియని స్థితి కూడా అంతగానూ కుంగదీస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి.

లండన్‌లో 10,308 మంది ప్రభుత్వోద్యోగులపై 1985లో ‘వైట్‌హాల్-2’ అధ్యయనం ప్రారంభమైంది. అది సాగుతుండగానే వారిలో కొందరు పనిచేసే విభాగాన్ని ప్రైవేటుపరం చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. పరిశోధకులకు ఇది కోరకుండా దొరికిన అవకాశం. మార్పు జరగకముందే, కేవలం నిరీక్షణ దశలోనే, ఆ విభాగం వారు తమ ఆరోగ్యం మిగతావారి కంటే క్షీణించినట్లు చెప్పారని 1995లో వెల్లడైంది.

విశాఖ ఉక్కులో 100 శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. మరుసటి నెలలోనే కూర్మన్నపాలెం వద్ద రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. రూ.11,440 కోట్ల ప్యాకేజీ 2025 జనవరిలో గానీ రాలేదు. ఆ ఏడాదే స్వచ్ఛంద పదవీ విరమణ పథకమూ వచ్చింది. ఉండాలా, వెళ్లాలా అన్నది ఇంటిల్లిపాదీ తేల్చుకోవలసిన ప్రశ్న అయింది.

ఇటువంటి ఆందోళన యోగా తరగతులతో తీరేది కాదు. నిర్ణయాలను ముందుగా, స్పష్టంగా తెలపాలి. సంఘాలతో చర్చించాలి. వైద్య పరీక్షల్లో రక్తపోటుతో పాటు నిద్ర గురించీ అడగాలి.