మీ వెంట నడిచే బుల్లి కుక్క

పొద్దున్నే మీతోపాటు రెండు మూడు కిలోమీటర్లు హుషారుగా నడిచే చిన్న కుక్క కావాలా? అయితే ముద్దుగా ఉందని తొందరపడకండి. దాని పూర్వీకులు ఏ పని చేసేవో ముందు తెలుసుకోండి.

జాక్ రస్సెల్ టెర్రియర్ సంగతి చూడండి. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లే! 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ రస్సెల్ అనే మతగురువు నక్కల వేట కోసం పెంచిన కుక్కల సంతతి ఇది. బొరియల్లో దూరి నక్కలను బయటికి తరమడం దాని పని. ఆ చురుకు నేటికీ తగ్గలేదు. రోజూ నడక, పరుగు లేకపోతే మీ చెప్పులు కొరికేస్తుంది!

పగ్ కూడా చిన్నదే. కాని దానికి దూరపు నడక తగదు. ఎందుకని?

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు; పాదాల అడుగున మాత్రం కొద్దిగా పడుతుంది. అందుకే నాలుక చాచి రొప్పుతుంది. నోటిలో, ముక్కులో ఉన్న తడి ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే కదా! పగ్‌ది చప్పిడి ముక్కు. లోపల గాలి ఆడే దారి ఇరుకు. ఎండలో నడిపిస్తే వడదెబ్బ తగిలి ప్రాణం మీదికి రావచ్చు.

టెర్రియర్‌నైనా మన వేసవిలో తెల్లవారుజామునే తిప్పాలి. బయలుదేరే ముందు మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి 5 అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి కాలిందా? మీ నేస్తానికి చెప్పులు లేవని మరచిపోకండి!