వానకోటుకు జేబు కుడితే నీరు దూరుతుంది

అరకులోయ: మన్యంలో జూన్‌లో పట్టిన వానలు సెప్టెంబరు దాకా విడవవు. పొలానికైనా, సంతకైనా వానకోటుతోనే వెళ్లాలి. రేషన్ కార్డు, నాలుగు నోట్లు దాచుకునేందుకు కోటుకు జేబు కుట్టించుకునేవారు ఒక సంగతి గమనించాలి. సూది దిగిన ప్రతి చోటా కన్నం పడుతుంది. ఆ కన్నాల గుండా నీరు దిగి ఒళ్లూ, కాగితాలూ తడుస్తాయి.

చల్లని సముద్రాల్లో మునిగే డైవర్లకూ ఇదే చిక్కు. ఒంటికి తడి తగలకుండా వారు తొడిగే డ్రైసూట్‌కు జేబును సాధారణంగా జిగురుతోనే అతికిస్తారు. చేతికందేలా తొడ మీద పెడతారు. చేరిన నీరు పోవడానికి జేబు అడుగున చిన్న రంధ్రం ఉంచుతారు.

రబ్బరు పూత కోటుకు ఈ పద్ధతి మన ఊళ్లోనూ కుదురుతుంది. జేబును ముందు అదే రకం గుడ్డముక్కకు కుట్టించాలి. ముక్క వెనుక వైపును, కోటుపై అతికే చోటును గరుకు కాగితంతో రుద్ది తుడవాలి. సైకిల్ షాపులో ట్యూబుకు వాడే సొల్యూషన్ రెండింటికీ పూసి, కాస్త ఆరాక గట్టిగా అదమాలి. ప్లాస్టిక్ కోటుకు ఇది పట్టదు; దాని జిగురు వేరు.

కత్తికి బయటి జేబు చాలు. కార్డుకు, నోట్లకు మాత్రం కోటు లోపలి వైపే జేబు అతికించాలి. ఇప్పటికే కుట్టించినవారు ఆ కుట్టు మీద లోపలి నుంచి పట్టీ అతికిస్తే కారడం ఆగుతుంది.